ఆ అట్ట మీద రంగులు ఆరే

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాశ్చాత్య రాక్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. వ్యాసం పక్కన నల్లని నేల మీద ఒక గాజు పట్టకం, దానిలోకి దూరే సన్నని తెల్లటి వెలుగు, అవతల విచ్చుకున్న ఇంద్రధనుస్సు వేశారు. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో తెచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఎల్పీ రికార్డు అట్ట మీది బొమ్మ అది. మీ చిత్రకారుడు బడిలో నేర్చుకున్న లెక్క మరిచిపోకుండా ఏడు రంగులూ వేశాడు. అసలు అట్ట మీద ఉన్నవి ఆరే. ఊదాకూ నీలానికీ మధ్య రావలసిన ముదురు నీలం అందులో లేదు.

ఇంత చిన్న సంగతికి ఉత్తరమా అని మీ కార్యాలయంలో ఎవరైనా నవ్వుకోవచ్చు. తిరుపతి గాంధీ రోడ్డులో నలభై ఆరేళ్లు గడియారాలు బాగుచేసి బతికినవాణ్ని నేను. చిన్న సంగతులు తప్ప నాకు వేరే విద్య రాదు.

నా అసలు ఫిర్యాదు రంగుల గురించి కాదు. ఆ వ్యాసం గంజాయి కేసులతో మొదలై, అక్కడి నుంచి 1960ల నాటి రాక్ రికార్డుల మీదికి దూకి, అదంతా మత్తులో పుట్టి మత్తుతోనే పోయిన సంగీతమని తేల్చేసింది. మత్తు కలల్లాంటి వింత ధ్వనుల సైకడెలిక్ రాక్‌నూ, పొడవాటి పాటలను కొలత ప్రకారం కట్టే ప్రోగ్రెసివ్ రాక్‌నూ ఒకే గాటన కట్టేసింది. రాసినాయన ఆ రికార్డుల్లో ఒక్కదాన్నయినా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని విన్నట్టు నాకు అనిపించలేదు. ఈ వేసవిలో నేను నా దగ్గరున్నవన్నీ మళ్లీ విన్నాను. నలభై ఏళ్ల తర్వాత వింటే నా అభిప్రాయాలే కొన్ని తారుమారయ్యాయి.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన మీ పాఠకులు మరిచిపోయి ఉండరు. మా వీధి పల్లంలో ఉంది. ఆ రోజు నీళ్లు గడప దాటి, మంచం కోళ్లు ముంచి, బీరువా అడుగు అర దాకా వచ్చాయి. ఆ అరలో నా ఎల్పీలు ముప్పై ఒకటి ఉన్నాయి. నీళ్లు తీశాక చూస్తే అట్టలన్నీ ఒకదానికొకటి అంటుకుని తడిసిన అప్పడాల కట్టలా తయారయ్యాయి. అన్నిటినీ గోనెసంచిలో వేసి మేడ మీది గదిలో పడేశాను. మళ్లీ ఆ సంచి ముఖం చూడలేదు.

సంచి విప్పింది మా మనవరాలు. శ్రీ వేంకటేశ్వర సంగీత, నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. “ఇవి నిజంగా పోయాయా తాతా, పోయాయని నువ్వు అనుకున్నావా?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అట్ట కాగితం కాబట్టి పాడవుతుంది గాని, రికార్డు ప్లాస్టిక్, నీళ్లు దాన్ని ఏమీ చేయవు. యాభై ఏళ్లు యంత్రాలతో బతికినవాడికి ఆ మాత్రం తట్టకపోవడం సిగ్గుచేటే. బ్యాటరీల దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చాను. అందులో గిన్నెలు తోమే సబ్బునీళ్లు రెండు చుక్కలు వేశాను. రికార్డు మధ్యలో ఉండే కాగితం చీటీ తడవకుండా దాని మీద ఒక గిన్నె మూత బోర్లించి, వాచీలకు వాడే మెత్తని కుంచెతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచాను. ప్లేట్లు ఆరబెట్టే చట్రంలో నీడన నిలబెట్టాను. ముప్పై ఒకటిలో ఇరవై ఏడు బతికి బయటపడ్డాయి.

రికార్డు ప్లేయరుకు కొత్త బెల్టు వేయించాను. తిరిగింది. మనవరాలు తన శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని కాసేపు విని, “శ్రుతి కిందికి ఉంది తాతా, నీ మిషను నెమ్మదిగా తిరుగుతోంది” అంది. గడియారాలవాడిని ఇంతకన్నా పెద్ద మాట అనలేరు.

వేగం చూసుకునే చక్రం ఒకటి నా దగ్గర ఉంది. 1982లో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకుడు ఇచ్చింది. ఆయన కొంతకాలం ఇంగ్లండులో ఉండి వచ్చారు. వాచీ బాగుచేయించుకోవడానికి నా దుకాణానికి వచ్చేవారు. ఒక రోజు ఈ రికార్డు ప్లేయరును రిక్షాలో వేసుకొచ్చి, ఇదీ తిరిగేదే కదా, నువ్వే చూడు అన్నారు. తిప్పడం సరే, వేగం సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది సార్ అని అడిగాను. ఆయన అక్కడే బల్ల మీద కాగితం పరిచి లెక్క కట్టారు. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ట్యూబులైటు 100 సార్లు మిణుకుతుంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. గుండ్రటి అట్ట మీద సరిగ్గా 180 గీతలు గీసి తిప్పితే, వేగం కుదిరినప్పుడు ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. మర్నాడు కోణమానినితో రెండు డిగ్రీలకు ఒక గీత చొప్పున నల్ల సిరాతో గీసి తెచ్చారు. ఒక్క గీత కూడా అలుక్కుపోలేదు.

నలభై ఏళ్ల తర్వాత అదే అట్ట తీసి రికార్డు మీద పెట్టాను. గీతలు నిలబడలేదు, కదలనూ లేదు. అంతా బూడిదరంగు మసక. నాకు కళ్లు పోయాయేమో అనుకున్నాను. ఇంట్లో ఇప్పుడు అన్నీ ఎల్‌ఈడీ దీపాలు, వాటికి పాత ట్యూబులైటులా మిణుకు లేదు. వంటింట్లో ఒక్క ట్యూబులైటు మిగిలి ఉంటే, ప్లేయరును అక్కడికి మోసుకెళ్లి గ్రైండరు పక్కన పెట్టి చూశాం. గీతలు వెనక్కి పాకుతున్నాయి. మనవరాలి చెవి చెప్పిందే నిజం. మోటారు మర కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే 180 గీతలూ బారులు తీరి ఆగిపోయాయి. ఆ పూట వంటింట్లోనే నేల మీద కూర్చుని ‘డార్క్ సైడ్’ మొదటి సైడు విన్నాం. మా ఆవిడ ఉప్మా చేస్తూ మా మీదుగా దాటుకుంటూ తిరిగింది.

ఈ రికార్డును కూడా ఆ అధ్యాపకుడే, పరీక్షించడానికి ఉంచు అని ప్లేయరుతో పాటు ఇచ్చి, వారంలో వస్తానని వెళ్లారు. ఆరు రంగుల సంగతి నాకు చూపించిందీ ఆయనే. తరగతిలో పట్టకం పాఠం చెప్పే రోజు ఈ అట్ట పట్టుకెళ్లి, ఇందులో తప్పేమిటో కనిపెట్టమని పిల్లలను అడిగేవారట.

అందులో ‘టైమ్’ అనే పాట ఉంది. మొదట కాసేపు గడియారాల చప్పుడు, తర్వాత ఒక్కసారిగా అన్నీ కలిసి గంటలు కొడతాయి. 1982లో దుకాణంలో మొదటిసారి వేసినప్పుడు మా నాన్న పనిలోంచి తలెత్తి గోడవైపు చూశాడు. ఒక గిరాకీ జేబులోంచి వాచీ తీసి సరిచూసుకున్నాడు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. మా దుకాణంలో అప్పట్లో పంతొమ్మిది గోడ గడియారాలు ఉండేవి. పన్నెండింటికి మొదటిది కొట్టడం మొదలుపెట్టాక చివరిది ఆపడానికి మూడు నిమిషాలు పట్టేది. ఎంత సరిచేసినా అంతే. పంతొమ్మిది గడియారాలు ఒకే క్షణంలో కొట్టాయంటే అది ప్రకృతి కాదు, ఎవరో కూర్చి పెట్టారు. ఆ మాట అధ్యాపకుడితో చెప్పాలనుకున్నాను. ఇప్పుడు తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ రికార్డుకు సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కో గడియారాన్నీ విడివిడిగా రికార్డు చేసుకొచ్చాడు. అది ఈ పాట కోసం కూడా కాదు, నాలుగు స్పీకర్ల శబ్ద విధానాన్ని చూపించడానికి చేసిన నమూనా. దాన్ని తర్వాత ఇక్కడ వాడుకున్నారు.

గంటల హోరు అయిపోయాక టిక్ టక్ అని ఒక చప్పుడు సాగుతుంది. అది గడియారం కాదని ఆ రోజే చెప్పగలిగాను. లోలకం గడియారంలో పళ్ల చక్రం మీద ఉక్కు కొక్కెం పడి లేస్తుంది. ఆ చప్పుడుకు ఒక పదును ఉంటుంది. గడియారాన్ని గోడకు ఎంత నిటారుగా బిగించినా టిక్కుకూ టక్కుకూ మధ్య వెంట్రుకవాసి తేడా మిగులుతుంది, కాస్త కుంటుతుంది. రికార్డులోది మొద్దుగా, సమంగా ఉంది. అది ఆ బృందంలోని రోజర్ వాటర్స్ తన బేస్ గిటారు తీగలను మోగకుండా అదిమిపట్టి మీటిన చప్పుడని ఈ మధ్యనే చదివాను. చదివిన రోజు నేను రెండు కప్పుల కాఫీ ఎక్కువ తాగాను.

తర్వాతి సైడు మొదట్లో ‘మనీ’ ఉంటుంది. నాణేల గలగల, కాగితం చిరిగిన చప్పుడు, కొట్లో గల్లాపెట్టె తెరుచుకున్న చప్పుడు, ఇవన్నీ తాళంలో పడి తిరుగుతుంటాయి. ఎలా చేశారో ఆ బృందం డ్రమ్మరు నిక్ మేసన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. పాత పెన్నీలకు రంధ్రాలు పొడిచి దారానికి గుచ్చి, మన కాసులపేరులా చేసి మోగించారు. వాటర్స్ తన భార్య కుండల పనికి మట్టి కలుపుకునే గిన్నెలో చిల్లర వేసి తిప్పాడు. ఒక్కో చప్పుడునూ టేపు మీద పట్టి, కొలబద్దతో కొలిచి, సమానమైన ముక్కలుగా కోసి, ఏడు ముక్కలు అతికించి ఉంగరంలా చేసి తిప్పారు. మా బావమరిది బ్యాంకు ఉద్యోగి, రెండుసార్లు తిరుమలలో పరకామణి సేవకు వెళ్లాడు. ఇది వినగానే, చిల్లర కుప్పకు ఇంత మంచి శబ్దం ఉండదు బావా, అక్కడ చెవులు దిబ్బళ్లు పడతాయి అన్నాడు. మనవరాలు మాత్రం తొడ మీద తాళం వేస్తూ కూర్చుంది. తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు, మన మిశ్ర చాపు లెక్క. గిటారు విడిగా విజృంభించే చోట నాలుగుకు మారి, మళ్లీ ఏడుకు తిరిగి వస్తుంది. ఆ మలుపు దగ్గర తను నవ్వింది. నేను నలభై ఏళ్లుగా ఆ చోట ఏదో తేడా ఉందని అనుకుంటూనే ఉన్నాను గాని, ఏమిటో తెలియదు.

ఇది మత్తులో ఊగేవాళ్ల పనా? కొలబద్ద పట్టుకుని టేపు కోయడానికి చేతులు వణకకూడదు.

మత్తు లేనే లేదని నేను అనడం లేదు. ఆ బృందాన్ని మొదట నడిపిన సిడ్ బారెట్ కథ మీ వ్యాసంలో ఒక వాక్యమైనా ఉండాల్సింది. 1967 ఆగస్టులో వచ్చిన వాళ్ల మొదటి ఎల్పీలో పాటలు ఎక్కువ భాగం అతనివే. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడకం పెరిగింది, మనసు చెదిరింది, 1968లో బృందం అతన్ని వదులుకోవలసి వచ్చింది. 1975 జూన్‌లో మిగిలినవాళ్లు అబ్బే రోడ్ స్టూడియోలో అతని గురించే రాసుకున్న పాటకు మెరుగులు దిద్దుకుంటుండగా, తలా కనుబొమలూ గొరిగించుకున్న లావుపాటి మనిషి లోపలికి వచ్చాడు. కాసేపటిదాకా ఎవరూ గుర్తుపట్టలేదు. అతనే బారెట్. 2006లో చనిపోయేదాకా మళ్లీ సంగీతం వైపు రాలేదు. నిరుడు మా వీధిలోనే ఇలాంటి కుర్రవాణ్ని ఒకణ్ని చూశాను. తండ్రి నా దగ్గరే హెచ్‌ఎంటీ వాచీ బాగుచేయించుకునేవాడు. కాబట్టి గంజాయి గురించి మీరు రాయండి, ఇంకా గట్టిగా రాయండి. అయితే బారెట్ వెళ్లిపోయిన ఐదేళ్లకు వచ్చిన రికార్డు బొమ్మ ఆ వ్యాసం పక్కన వేయకండి. పోయిన సంగీతమన్నారు గదా, ఆ పోయిన రికార్డు 1973 నుంచి 1988 మధ్య అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల జాబితాలో 741 వారాలు ఉంది.

అదే రికార్డులో మాటల్లేని పాట ఒకటి ఉంది, ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’. క్లేర్ టోరీ అనే గాయని ఆదివారం పూట వచ్చి పాడి, ఆదివారం కాబట్టి రెట్టింపు కూలి 30 పౌండ్లు తీసుకుని వెళ్లింది. ఆ పాటలో తనకూ కర్తృత్వం ఉందని చాలా ఏళ్ల తర్వాత కోర్టుకు వెళితే 2005లో రాజీ కుదిరింది. ఇప్పుడు స్వరకర్త పేరు పక్కన ఆమె పేరూ వేస్తున్నారు. ఆలాపన చేసినావిడకు పేరు లేకపోవడం ఏమిటని మా మనవరాలికి ఇప్పటికీ కోపమే.

సైకడెలిక్, ప్రోగ్రెసివ్ తేడా గురించి నాకు అర్థమైనంతలో చెబుతాను. మొదటిది 1966, 67 నాటి మాట. టెక్సస్‌కు చెందిన థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే బృందం 1966లో తమ ఎల్పీ పేరులోనే ఆ మాట పెట్టుకుంది. వాళ్లలో ఒకాయన కూజా మూతికి మైకు పెట్టి దానిలోకి ఊదేవాడు. మన ఘటం విద్వాంసుడు కుండను వాయిస్తాడు, ఆయన కుండలోకి ఊదాడు. మనవరాలి ఫోనులో విన్నాను. పావురాలు గొడవపడుతున్నట్టు ఉంది. బీటిల్స్ 1967లో తెచ్చిన ‘సార్జెంట్ పెప్పర్’ కూడా ఈ కోవలోదే. దాని అట్ట మీద నిలబడ్డ జనంలో లాహిరీ మహాశయుడు, పరమహంస యోగానందతో సహా మన యోగులు నలుగురు ఉన్నారు. గాంధీగారి బొమ్మ కూడా పెట్టారు గాని, ఇండియాలో చిక్కులు వస్తాయని రికార్డు కంపెనీ తీయించేసింది. అందులో జార్జ్ హారిసన్ పాడిన ‘వితిన్ యూ వితౌట్ యూ’కు లండన్‌లోని భారతీయ వాద్యకారులు వాయించారు. మనవరాలు అది మన హరికాంభోజి స్వరాల్లో నడుస్తోందని, మధ్యలో వాద్యాల దగ్గర ఐదు లెక్కకు మారిందని చెప్పింది. మిగతా పాటల్లో సగం నాకు ఇప్పుడు సర్కసు బ్యాండులా వినిపించాయి. 1980ల్లో నేను ఈ రికార్డును నెత్తిన పెట్టుకునేవాణ్ని.

1969 నుంచి వచ్చిన ప్రోగ్రెసివ్ వేరు. అక్కడ రంగుల కన్నా కొలత ముఖ్యం. మూడు నిమిషాల పాటను ఇరవై నిమిషాలకు పెంచి, ఎల్పీ ఒక సైడు మొత్తం ఒకే కట్టడంగా కట్టేవారు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన కింగ్ క్రిమ్సన్ మొదటి ఎల్పీ అట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న ఎర్రటి ముఖం ఉంటుంది. మా ఆవిడ దాన్ని దేవుడి గదిలోని బీరువాలో పెట్టనివ్వలేదు, అందుకే అది కింది అరకు వెళ్లి మునిగింది. ఆ బొమ్మ వేసిన బ్యారీ గాడ్బర్ కంప్యూటర్ ప్రోగ్రామరు. రికార్డు వచ్చిన కొద్ది నెలలకే 24 ఏళ్లకు చనిపోయాడు. అందులో మెలోట్రాన్ అనే వాద్యం ఉంది. అది నాకు ప్రాణం. చూడటానికి హార్మోనియంకు అన్నలా ఉంటుంది. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు కదిలి, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్ల ధ్వనో పిల్లనగ్రోవి ధ్వనో వినిపిస్తుంది. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని మొదటికి లాగేస్తుంది. అంటే వాయించేవాడు ఎంత పెద్ద విద్వాంసుడైనా ఎనిమిది సెకన్లకు మించి ఒక స్వరాన్ని పట్టుకోలేడు. ఆ లోపు ఇంకో మెట్టుకు వెళ్లాలి. ఈ సంగతి తెలిశాక మళ్లీ వింటే, ఆ స్వరాల వెనక స్ప్రింగుల తొందర నాకు వినిపిస్తోంది. ఆ ఎల్పీలోనే ‘మూన్‌చైల్డ్’ అని పన్నెండు నిమిషాలది ఉంది. అందులో ముప్పాతిక భాగం ఏమీ జరగదు. అప్పుడు నిద్రపోయాను, ఇప్పుడూ నిద్రపోయాను.

ఇక యెస్ బృందం. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ 1972 నాటిది, ఇప్పటికీ బిగువు సడలలేదు. మర్నాటి ఏడాది వాళ్లే తెచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ గురించి మన ఊరివాళ్లు తప్పక తెలుసుకోవాలి. గాయకుడు జాన్ ఆండర్సన్ ‘ఒక యోగి ఆత్మకథ’ చదువుతూ మన శాస్త్రాలను గురించిన ఒక అధోజ్ఞాపిక దగ్గర ఆగిపోయాడు. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఒక్కోదానికి ఒక సైడు చొప్పున రెండు రికార్డులు, నాలుగు పాటలు, ఎనభై నిమిషాలు. పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాల నుంచి ఎనభై నిమిషాలు! మన హరిదాసు పిట్టకథ చెప్పినా మళ్లీ అసలు కథలోకి వస్తాడు. వీళ్లు పిట్టకథలోనే కాపురం పెట్టారు. కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్‌కు కూడా విసుగు పుట్టి, ఒక కచేరీలో వేదిక మీదే కూర తెప్పించుకుని తిన్నానని తనే చెప్పుకున్నాడు, ఆ తర్వాత బృందం వదిలేశాడు. నేను పూర్తిగా విన్నాను. రెండో సైడు మధ్యలో ఒకసారి లేచి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చిన మాట నిజమే.

ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే బృందం రికార్డు నీళ్లలో పోయింది. పెద్దగా బాధ కలగలేదు.

జెత్రో టల్ బృందం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే అది మీ వృత్తికి సంబంధించిన రికార్డు. ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’, 1972. రెండు సైడులూ కలిపి ఒకటే పాట, దాదాపు 44 నిమిషాలు. అట్టే ఒక వార్తాపత్రిక. ఊరూ పేరూ కల్పించి పన్నెండు పేజీల ఇంగ్లండు పల్లెటూరి పత్రికను అచ్చంగా అచ్చు వేశారు. వార్తలు, పదకేళి, ప్రకటనలు అన్నీ ఉన్నాయి. మొదటి పేజీలో ఎనిమిదేళ్ల కుర్రవాడికి కవితల పోటీలో వచ్చిన బహుమతిని రద్దు చేశారని వార్త. ఆ కుర్రవాడి కవితే ఈ పాట అన్నమాట. అంతా వేళాకోళం. అంతకు ముందు రికార్డును విమర్శకులు ఒకే ఇతివృత్తం మీద కట్టిన కావ్యం అన్నందుకు, అలాగా, అయితే ఇదిగో అని తీసుకొచ్చారు. 1984లో మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల గుట్ట పక్కన 40 రూపాయలకు కొన్నాను. పొద్దున సప్తగిరి రైలు ఎక్కి వెళ్లి, రాత్రికి దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను. మరుసటి ఏడాది మే 30న మూర్ మార్కెట్ కాలిపోయింది. అక్కడ నిప్పును తప్పించుకున్న కాగితం ఇక్కడ నీళ్లకు దొరికింది. పన్నెండు పేజీలూ ముద్దగా మారాయి. పట్టకారుతో, కంటికి అద్దం పెట్టుకుని, గడియారం విప్పినట్టు ఒక్కో పొరా విడదీశాను. ఐదు పేజీలు వచ్చాయి. దండెం మీద ఆరేస్తే మా ఆవిడ ఇస్త్రీ చేసి పెట్టింది. పదకేళి ఉన్న పేజీ బతికింది.

బృందం పేరు 18వ శతాబ్దపు ఇంగ్లండు వ్యవసాయవేత్త పేరు, గుర్రం లాగే విత్తనాల గొర్రు చేసినాయన. చంద్రగిరి దగ్గర పల్లెలో మా తాత ఎద్దులతో గొర్రు తోలి వేరుశనగ వేసేవాడు. ఆయనకు ఈ సంగతి తెలిస్తే, గొర్రు పేరు పెట్టుకుని పాటలేమిట్రా అనేవాడు. పాడే ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదుతాడు. మా ఆవిడది కార్వేటినగరం. మొదటిసారి ఆ ఫొటో చూసి, మా వేణుగోపాలస్వామికి గడ్డం వచ్చిందే అంది. ఈ మనిషి మత్తుమందుల జోలికే పోలేదని లోకమంతా ఎరిగిన సంగతి. మీ వ్యాసంలో అతని పేరు కూడా మత్తు జాబితాలో ఉంది. రంగుల కన్నా ముందు దిద్దవలసిన తప్పు ఇది.

మనవాళ్లూ ఇందులో ఉన్నారని రెండు వాక్యాలైనా రాసి ఉంటే బాగుండేది. మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందాన్ని నడిపిన ఇంగ్లండు గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకున్నాడు. విద్యుత్ గిటారు హోరు పక్కన పెట్టి, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటంతో ‘శక్తి’ బృందం కట్టాడు. వాళ్ల మొదటి ఎల్పీ 1976లో వచ్చింది. వరదలో అది ఎలా బయటపడిందో గాని, ఒక్క గీత లేదు. మా మనవరాలు దాన్ని తన గదికి తీసుకెళ్లిపోయింది. ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు.

మీ వ్యాసంలో ప్రతి రికార్డు నుంచి ఒక పాట ఎంచి ఇచ్చారు, ఫోనులో వినమని. అక్కడే పేచీ. ‘డార్క్ సైడ్’లో పాటకూ పాటకూ మధ్య సందు లేదు. ఒకదాని తోక మరొకదాని తలలో ఉంటుంది. మా అల్లుడి ఫోనులో వేస్తే సరిగ్గా ‘టైమ్’ గంటలు కొట్టబోయే ముందు వంటనూనె ప్రకటన వచ్చింది. కచేరీలో రాగం, తానం అయ్యాక పల్లవి ఎత్తుకోబోతుండగా ఎవరైనా లేచి అప్పడాలు అమ్మితే ఎలా ఉంటుంది? సైడుకు ఇరవై రెండు నిమిషాలు. అలిపిరి నుంచి కొండ మీదికి బస్సు ఎక్కేవాడు దానికన్నా ఎక్కువ సేపే కూర్చుంటాడు.

కాబట్టి నా విన్నపాలు రెండు. వచ్చే ఆదివారం ఆ బొమ్మను ఆరు రంగులతో మళ్లీ వేయండి. ఇయాన్ ఆండర్సన్ పేరు మీద సవరణ వేయండి. మిగతా వ్యాసం మీ ఇష్టం, అభిప్రాయం ఎవరికైనా ఉండవచ్చు.

మరొక్క మాట, స్థలం ఉంటే వేయగలరు. 1982లో రికార్డు ప్లేయరు ఇచ్చి వెళ్లిన ఆ అధ్యాపకుడు వారంలో వస్తానన్నారు, రాలేదు. కనుక్కుంటే ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయారన్నారు. ఆయన గాని, ఆయన పిల్లలు గాని ఇది చదివితే, ప్లేయరు నడుస్తోంది, రికార్డు క్షేమం, అట్ట మాత్రం కొంచెం ఉబ్బింది. 180 గీతల చక్రం మాత్రం ఇవ్వను. రిపేరు ఖర్చు 18 రూపాయలు రావలసి ఉంది.

ఇట్లు,
గడియారాల మెకానిక్,
గాంధీ రోడ్డు, తిరుపతి.